షార్ట్‌స్టాప్ అందుకోని బంతి ఎవరి ఖాతాలో పడుతుంది? హాల్ ఆఫ్ ఫేమ్ ఓటర్లకు బహిరంగ లేఖ

అమెరికా బేస్‌బాల్ రచయితల సంఘంలో హాల్ ఆఫ్ ఫేమ్ ఓటు ఉన్న సభ్యులకు,

నమస్కారం. మీ వృత్తి మీద గౌరవం ఉంది కాబట్టే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. షార్ట్‌స్టాప్ ఫీల్డింగ్‌ను కంటితో తూచాలా, లెక్కతో తూచాలా అన్నదే ఇందులో సంగతి. ఇంగ్లీషు ప్రతి మీకు విడిగా అందుతుంది. ముందు తెలుగులో రాయడానికి కారణం ఉంది. న్యూజెర్సీలో మేముండే చోట శనివారం పొద్దున ఏ మైదానానికి వెళ్ళినా గ్లోవు తొడుక్కుని నిలబడ్డ పిల్లల్లో మా తెలుగువాళ్ళ పిల్లలు కనిపిస్తారు. గట్టు మీద మడత కుర్చీలు వేసుకుని కూర్చున్న తల్లిదండ్రులకు క్రికెట్ తెలిసినంతగా ఈ ఆట తెలియదు. గొప్ప ఆటగాళ్ళ పేర్లు నిలిపే హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న కూపర్స్‌టౌన్‌కు మీరు పంపే ఓటు వాళ్ళ పిల్లల దాకా ఎలా వస్తుందో వాళ్ళూ చదవాలి.

వాళ్ళ కోసం రెండు ముక్కలు. షార్ట్‌స్టాప్ అంటే రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య నిలబడే ఫీల్డర్. కుడిచేతి బ్యాటర్లు లాగి కొట్టే నేలబారు బంతులు ఎక్కువగా ఆ వైపే వస్తాయి. బ్యాటర్ 90 అడుగులు పరిగెత్తి మొదటి బేస్ మీద కాలు పెట్టడానికి నాలుగు సెకన్లకు కాస్త అటూ ఇటూ పడుతుంది. ఈలోపే షార్ట్‌స్టాప్ బంతిని పట్టుకుని, నిలదొక్కుకుని, ఆ 90 అడుగుల కన్నా దూరం విసరాలి. ఏడాదికి 162 ఆటలు. ఎంత గొప్పవాడైనా ఈ పని బాగా చేస్తే ఎవరూ గమనించరు, అదీ అసలు చిక్కు.

నేను 1999లో హైదరాబాద్ నుంచి వచ్చాను. 2001 అక్టోబర్ 13, శనివారం రాత్రి. నలుగురు బ్రహ్మచారులం, ఒక టీవీ, కుక్కర్‌లో పప్పు. ఓక్లండ్‌లో న్యూయార్క్ యాంకీస్ ఆట. అప్పటికే సిరీస్‌లో యాంకీస్ 0-2తో వెనకబడి ఉంది, ఈ ఆటలో మాత్రం 1-0 ఆధిక్యం. ఏడో ఇన్నింగ్స్‌లో టెరెన్స్ లాంగ్ కుడి మూలకు కొట్టాడు. మొదటి బేస్ నుంచి ఓక్లండ్ ఆటగాడు జెరెమీ జియాంబీ, చేరితే పరుగు వచ్చే హోమ్ ప్లేట్ వైపు పరుగు తీశాడు. షేన్ స్పెన్సర్ విసిరిన బంతి మధ్యలో అందుకోవాల్సిన ఇద్దరి తలల మీదుగా వెళ్ళిపోయింది. అప్పుడు అక్కడ ఉండాల్సిన పనే లేని యాంకీస్ షార్ట్‌స్టాప్ డెరెక్ జీటర్ మైదానానికి అడ్డంగా పరిగెత్తి వచ్చి, మొదటి బేస్ గీత దగ్గర బంతిని అందుకుని, పక్కకు వాలిపోతూనే కుడిచేత్తో అలా తోశాడు. క్యాచర్ పొసాడా పట్టి జియాంబీ కాలికి తాకించాడు. ఔట్. ఆట 1-0తోనే ముగిసింది, సిరీస్ యాంకీస్ 3-2తో గెలిచింది.

స్కోరు పుస్తకంలో ఆ అద్భుతం ఎలా ఉంటుందో తెలుసా? 9-6-2. రైట్ ఫీల్డర్, షార్ట్‌స్టాప్, క్యాచర్. అంతే. ఆ మూడు అంకెలు చదివినవాడికి ఏమీ తెలియదు. ఆ రాత్రి చూసిన నాకు జీటర్ దేవుడు. కాబట్టి "ఆట చూడాలయ్యా, లెక్కలు కాదు" అని మీలో పెద్దలు అన్నప్పుడల్లా చాలా ఏళ్ళు నేను తల ఊపినవాణ్ణే.

ఇప్పుడు ఊపడం లేదు. ఎందుకో చెప్తాను.

నాకు పన్నెండేళ్ళ కొడుకున్నాడు, షార్ట్‌స్టాప్. కిందటి వేసవిలో ఒక ఆటలో ఎడమవైపుకు ఓ బంతి వచ్చింది. కష్టమైనదే, కానీ రెండడుగులు వేస్తే అందేది. వాడు కదల్లేదు. కారులో ఇంటికొస్తూ అడిగాను. "నాన్నా, ముట్టుకుని వదిలేస్తే ఎర్రర్ రాస్తారు. ముట్టుకోకపోతే హిట్ అని రాస్తారు, నా పేరు రాదుగా" అన్నాడు. వాడి కోచ్ సీజన్ చివర్లో ఎర్రర్లు తక్కువున్నవాడికి బహుమతి ఇస్తారు. ఎర్రర్ అంటే ఫీల్డర్ తప్పు, హిట్ అంటే బ్యాటర్ ఘనత. వాడి లెక్కలో తప్పేమీ లేదు. మీ ఆట పద్దు పుస్తకం నూట యాభై ఏళ్ళుగా నేర్పుతున్న పాఠమే వాడు నేర్చుకున్నాడు.

ఆ రాత్రి కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. ఒక షార్ట్‌స్టాప్ 500 బంతులు అందుకుని 10 చెడగొట్టాడనుకుందాం. ఫీల్డింగ్ శాతం .980. ఇంకొకడు దూరం దూరం పరిగెత్తి 540 అందుకుని 16 చెడగొట్టాడు. .970. పుస్తకం ప్రకారం మొదటివాడే నమ్మకస్తుడు. కానీ మొదటివాడు 490 మందిని ఔట్ చేస్తే రెండోవాడు 524 మందిని చేశాడు. 34 ఔట్ల తేడా. ఔట్ కావాల్సిన బంతి హిట్ అయితే నష్టం సుమారు ముప్పావు పరుగు, పది పరుగులకు దాదాపు ఒక గెలుపు అని లెక్కలవాళ్ళు చెప్తారు. అంటే మనం "నిలకడ లేదు" అని తిట్టిన రెండోవాడు జట్టుకు రెండు గెలుపులకు పైగా తెచ్చాడు. ఆ 34 బంతులు మొదటివాడి పక్కనుంచి వెళ్ళినప్పుడు మనం చూసింది ఏమిటి? బ్యాటర్ భలే కొట్టాడు అని చప్పట్లు కొట్టాం.

కన్ను అందిన బంతినే చూస్తుంది. డైవ్ చేస్తే ఇంకా బాగా చూస్తుంది. ఒక అడుగు ముందే సరైన చోట నిలబడి, ఒళ్ళు వంచకుండా పట్టినవాడిని చూసి "తేలికైన బంతి" అంటుంది. అదే బంతికి ఆలస్యంగా బయలుదేరి నేల మీద దొర్లినవాడిని చూసి లేచి నిలబడుతుంది.

జీటర్ సంగతికే వద్దాం. 3,465 హిట్లు, అయిదు వరల్డ్ సిరీస్‌లు. 2020లో 397 బ్యాలెట్లలో 396 మీద ఆయన పేరుంది. ఉండాల్సిందే, నాకు ఓటుంటే నేనూ వేసేవాణ్ణి. కానీ ఏటా ఒక్కో స్థానంలో మేటి ఫీల్డర్‌కు ఇచ్చే గోల్డ్ గ్లోవ్‌లు కూడా అయిదు ఇచ్చారు. అవి మీరివ్వలేదు, మేనేజర్లు, కోచ్‌లు ఇచ్చారు, ఒప్పుకుంటాను. బేస్‌బాల్ రిఫరెన్స్ అనే గణాంకాల వెబ్‌సైట్ లెక్క ప్రకారం సగటు షార్ట్‌స్టాప్‌తో పోలిస్తే కెరీర్ మొత్తంలో ఆయన గ్లోవు వల్ల 200కు పైగా పరుగులు పోయాయి. ఇంకో షార్ట్‌స్టాప్ ఓజీ స్మిత్‌ను అదే తక్కెడలో పెడితే 200కు పైగా పరుగులు మిగిలాయి. స్మిత్ విషయంలో కన్నూ లెక్కా ఒకటే మాట చెప్పాయి: వరసగా 13 గోల్డ్ గ్లోవ్‌లు, .262 బ్యాటింగ్ సగటుతో, 28 హోమ్ రన్లతో మొదటి ఏడాదే హాల్‌లోకి. బ్యాట్ అంతంతమాత్రమే అయినా మీరు గ్లోవు చూసి ఓటేశారు. అంటే మీకు చేతకాక కాదు. కళ్ళముందు పల్టీలు కొట్టేవాడైతే కనిపిస్తుంది, అంతే తేడా.

పల్టీలు కొట్టనివాడికి ఏమవుతుంది? కాల్ రిప్కెన్‌ను గుర్తు చేసుకోండి. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, షార్ట్‌స్టాప్ అంటే సన్నగా చురుగ్గా ఉండాలన్న బొమ్మకు సరిపోడు. వచ్చే పిచ్‌ను బట్టి, బ్యాటర్‌ను బట్టి ముందే జరిగి నిలబడేవాడు. 1984లో 583 అసిస్ట్‌లు, అంటే బంతి విసిరి వేరే ఫీల్డర్ చేత చేయించిన ఔట్లు. 1990లో ఏడాది మొత్తంలో ఎర్రర్లు మూడంటే మూడు. ఆ ఏడాది గోల్డ్ గ్లోవ్ ఓజీ గియెన్‌కు వెళ్ళింది. రేంజి, అంటే ఎంత దూరం బంతి అందుతుందో చూసేవాళ్ళు అసిస్ట్‌లు చూడలేదు, ఎర్రర్లు చూసేవాళ్ళు ఎర్రర్లూ చూడలేదు. మరి ఏం చూశారో! 1999లో రఫాయెల్ పల్మేరోకు మొదటి బేస్‌లో గోల్డ్ గ్లోవ్ ఇచ్చినప్పుడు అతను ఆ ఏడాది ఆ స్థానంలో ఆడింది 28 ఆటలు. ఆట చూసే నిపుణుల ఓటే అది కూడా.

ఇక మీ ఓటు. బ్యారీ లార్కిన్, అలన్ ట్రామెల్, జీటర్, ముగ్గురూ షార్ట్‌స్టాప్‌లే. బ్యాటు, గ్లోవు, పరుగు అన్నీ కలిపి బేస్‌బాల్ రిఫరెన్స్ వేసే 'వార్' లెక్కలో ముగ్గురూ 70కి కాస్త పైన, పక్కపక్కనే ఉంటారు. మీ బ్యాలెట్‌లో జీటర్‌కు 99.7 శాతం, లార్కిన్‌కు మూడో ఏడాది 86.4 శాతం. ట్రామెల్‌కు పదిహేనేళ్ళు బ్యాలెట్ మీద ఉంచి, చివరి ఏడాది 2016లో ఇచ్చిన అత్యధికం 40.9. కావాల్సింది 75. ఒకే బరువున్న మూడు బస్తాలు, మూడు ధరలు. మార్కెట్ యార్డులో ఇలా జరిగితే రైతు ఊరుకోడు. తేడా ఎక్కడుంది? జీటర్‌ది న్యూయార్క్, ట్రామెల్‌ది డెట్రాయిట్. మీలో చాలామంది ఏడాదంతా ఒకే జట్టుతో తిరుగుతారు, మిగతావాళ్ళను వచ్చినప్పుడు చూస్తారు. కాకి పిల్ల కాకికి ముద్దు. అందులో తప్పులేదు, కాకపోతే దానికి "నేను చూశాను" అని సాక్ష్యం పేరు పెట్టకూడదు.

అసలు లెక్కలంటే ఏమిటనుకుంటున్నారు? జీటర్ 2014లో రిటైరయ్యాడు, బంతినీ ఆటగాళ్ళ కదలికలనూ కొలిచే స్టాట్‌కాస్ట్ కెమెరాలు అన్ని మైదానాల్లో 2015లో మొదలయ్యాయి. అంటే జీటర్ గ్లోవును తక్కువ చేసింది యంత్రం కాదు. ఆయన చివరి పన్నెండేళ్ళ లెక్కకు, ప్రతి ఆట వీడియో ముందు కూర్చుని, ప్రతి బంతి ఎక్కడికి, ఎంత వేగంతో వెళ్ళిందో మనుషులే రాశారు. అభిమాన జట్టు అని లేకుండా, ముప్పై జట్లవీ, అందినవీ అందనివీ అన్నీ. ఆట చూడకుండా అంకెలు చేశారని మీరు వెక్కిరించేది మీకంటే ఎక్కువ ఆటలు చూసినవాళ్ళను.

ఒక్క మాట లెక్కలవాళ్ళకు కూడా. మీరూ కాస్త తగ్గండి. 2003కు ముందు ఆటలకు బంతి పడిన చోటు అలా నమోదు కాలేదు, ఆటల చిట్టాలు చూసి వేసిన అంచనాలే. ట్రామెల్ గ్లోవుకు మీరిచ్చే అంకె ఆ అంచనా మీద నిలబడిందే. ఒకే షార్ట్‌స్టాప్‌కు ఒక పద్ధతి పది పరుగుల లాభం చూపిస్తే ఇంకో పద్ధతి సున్నా చూపించడం అరుదు కాదు. దశాంశ బిందువు తర్వాత అంకె పట్టుకుని ఇతను గొప్ప, అతను కాదు అని తీర్పులివ్వడం కూడా మూర్ఖత్వమే. పైగా అంకె ఎవరు రాసుకున్నారనేది కూడా చరిత్రే. షార్ట్‌స్టాప్ జాన్ హెన్రీ లాయిడ్ నల్లవాడు కాబట్టి మేజర్ లీగ్ తలుపు తెరవలేదు. అతని ఆటల స్కోర్లు సగం దొరకవు. 1977లో అతను హాల్‌లోకి వెళ్ళాడంటే చూసినవాళ్ళు మర్చిపోకుండా చెప్పారు కాబట్టే. అతనిలాంటివాళ్ళు ఆడిన నీగ్రో లీగ్‌లను మేజర్ లీగ్‌లుగా గుర్తించడానికి 2020 దాకా, ఆ అంకెలను రికార్డుల్లో కలపడానికి 2024 దాకా పట్టింది. అక్కడ కన్ను లేకపోతే న్యాయమే లేదు. నేను కన్ను వద్దనడం లేదు. లెక్క ఉన్నచోట కన్ను దానికి జవాబు చెప్పాలంటున్నాను.

దీని వల్ల మామూలు మనుషులకు ఏం నష్టం అంటారేమో.

1. మొదటి నష్టం పిచ్చర్‌ది. షార్ట్‌స్టాప్ పక్కనుంచి పోయిన బంతి హిట్ అవుతుంది, ఆ పరుగు పిచ్చర్ పద్దులో పడుతుంది. పేరున్న షార్ట్‌స్టాప్‌కు గోల్డ్ గ్లోవ్ వస్తుంది, ఒప్పందంలో రాసుంటే బోనస్ కూడా. ఇరవై మూడేళ్ళ కొత్త పిచ్చర్‌కు మాత్రం కింది స్థాయి మైనర్ లీగ్‌కు బస్ టికెట్. ఎవరి తప్పుకు ఎవరు కట్టారో ఎక్కడా రాసి ఉండదు.

2. అభిమానులు. ట్రామెల్ 1996లో ఆట మానేశాడు, హాల్‌లో ఫలకం 2018లో వచ్చింది, అదీ మీ ఓటుతో కాదు, కమిటీ ఓటుతో. అతని మేనేజర్ స్పార్కీ యాండర్సన్, నలభై ఏళ్ళకు పైగా రేడియోలో ఆ జట్టు గొంతుగా ఉన్న వ్యాఖ్యాత ఎర్నీ హార్వెల్ ఇద్దరూ 2010లోనే పోయారు. రేడియోలో హార్వెల్ మాట వింటూ పెరిగిన డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీ కార్మికుల్లో ఇంకెంతమంది ఆ రోజు చూడకుండా పోయారో.

3. ట్రామెల్ పక్కన పందొమ్మిది సీజన్లు రెండో బేస్‌లో ఆడిన లూ విటేకర్. షార్ట్‌స్టాప్ విసిరే బంతిని అందుకుని డబుల్ ప్లే, అంటే ఒకే బంతికి ఇద్దరి ఔట్, పూర్తిచేసేది అతనే. 2001లో మీరు అతనికి 2.9 శాతం ఇచ్చారు. అయిదు శాతం దాటకపోతే పేరు తీసేస్తారు కాబట్టి ఒకే ఏడాదితో సరి. అతని కేసు ఎవరూ చదవనే లేదు, కొట్టేశారు.

4. నాలుగోది మా అబ్బాయి. ఆ సంగతి పైన రాశాను. వాడిలాంటివాళ్ళు ఈ దేశంలో ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి. కోచ్‌లు మిమ్మల్ని చదివి నేర్చుకుంటారు, పిల్లలు కోచ్‌ల దగ్గర నేర్చుకుంటారు.

కాబట్టి అడుగుతున్నాను.

1. మీ బ్యాలెట్ పేరుతో సహా బయటపెట్టండి. 2016 డిసెంబరులో మీ సంఘమే భారీ మెజారిటీతో ఈ తీర్మానం చేసింది. మరుసటి ఏడాది హాల్ ఆఫ్ ఫేమ్ దాన్ని ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతేనేం, మీ బ్యాలెట్ మీరు చెప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీలో చాలామంది ఇప్పటికే చెప్తున్నారు, వాళ్ళకు దండం. చెప్పనివాళ్ళ సంగతే ఇది. జీటర్‌కు ఓటెయ్యని ఆ ఒక్కరెవరో ఇప్పటికీ తెలియదు. 2025లో ఇచిరోకు 394లో 393, మళ్ళీ ఒక్కరు. బలమైన కారణం ఉండే ఉండొచ్చు, మంచిదే, రాయండి, చదువుతాం.

2. షార్ట్‌స్టాప్‌కు ఓటేసినా వెయ్యకపోయినా అతని గ్లోవు గురించి రెండు వాక్యాలు రాయండి. అందులో ఒకటి అతను అందుకోని బంతుల గురించి ఉండాలి. "నా కళ్ళతో చూశాను" అని రాస్తే ఎన్ని ఆటలు, ఏ మైదానంలో అని కూడా రాయండి. లెక్క నమ్మకపోతే ఎందుకు నమ్మలేదో రాయండి. మీ నియమావళిలో ఆటగాడి రికార్డు, ఆడే సామర్థ్యం అని రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి చదివి ఇంకోటి దాటేసే హక్కు ఏ పక్షానికీ లేదు.

3. అయిదు శాతం కత్తిని మొదటి ఏడాదే వెయ్యవద్దని హాల్ బోర్డును మీ సంఘం తరఫున అడగండి. కనీసం మూడేళ్ళు పేరు ఉండనివ్వండి. గ్లోవు గొప్పతనం తెలియడానికి బ్యాట్ కంటే ఎక్కువ కాలం పడుతుంది.

4. మేజర్ లీగ్ బేస్‌బాల్‌ను ఒకటి అడగండి. స్టాట్‌కాస్ట్‌లో ఫీల్డర్ ఎక్కడ నిలబడ్డాడు, ఎప్పుడు కదిలాడు అన్నది పూర్తిగా నమోదవుతోంది. జనానికి మాత్రం చివర్లో తేలిన అంకె చూపిస్తున్నారు. ఆ కదలికలన్నీ విడుదల చేస్తే, ఆ అంకె సరైనదో కాదో మాలాంటివాళ్ళం కూడా చూసుకుంటాం. ఇందులో కన్ను పక్షానికీ లెక్క పక్షానికీ గొడవ ఉండాల్సిన పని లేదు.

5. పిల్లల లీగ్‌ల కోచ్‌లకు మీ కాలమ్‌లో ఒక్కసారి రాయండి, ఎర్రర్లు తక్కువున్నవాడికి బహుమతి మానేయమని. మీరు రాస్తే వింటారు. నేను చెప్తే "మీకు క్రికెట్ కదా తెలిసింది" అంటున్నారు. అదీ నిజమే అనుకోండి. కానీ క్రికెట్‌లోనూ ఇదే రోగం. చేతికి తగిలి జారితే డ్రాప్, తగలకపోతే ఫోర్.

నవంబరులో మీకు బ్యాలెట్ వస్తుంది. డిసెంబరు 31 లోగా పోస్టులో పడాలి. కవరు మూసేముందు ఆ పేర్లలో షార్ట్‌స్టాప్‌గా ఆడినవాళ్ళ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అతను పట్టినవి మీకు గుర్తే ఉంటాయి. ఎడమవైపుకు రెండడుగుల దూరంలో వెళ్ళినవాటి వీడియో ఒక్క సాయంత్రం పెట్టుకుని చూడండి. నేను మా అబ్బాయితో కలిసి ఆ పని మొదలుపెట్టాను. మొదట జీటర్‌వే చూస్తున్నాం, 2001 నుంచి. వాడికి 9-6-2 చూపించాను, నోరు తెరిచాడు. తర్వాత మధ్యలోంచి వెళ్ళిపోయిన ఒక మామూలు సింగిల్ దగ్గర వాడే వీడియో ఆపి, "దీనికి ఆయన ఖాతాలో ఏం రాశారు?" అని అడిగాడు.

జవాబు మీ నుంచి వస్తుందని చెప్పాను.

ఇట్లు,
ఒక షార్ట్‌స్టాప్ తండ్రి
ఎడిసన్, న్యూజెర్సీ